కాలి బొటనవేలి లిగమెంట్ దెబ్బ: ‘ఎక్స్‌రే నార్మల్’ అన్నాక ఏ స్కాన్ తీయించాలి, ఎలా తీయించాలి

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు మారతహళ్లి దగ్గర టర్ఫ్‌లో, అంటే కృత్రిమ పచ్చిక మైదానంలో, ఫుట్‌బాల్ ఆడుతుంటే, మీ తమ్ముడు కుడికాలి మునివేళ్ల మీద ఉన్న క్షణంలో వెనకనుంచి ఇంకొకరు మడమ మీద పడ్డారు. బొటనవేలు పైకి మడతపడిపోయింది. మూడు వారాలైంది. నడుస్తున్నాడు, కానీ పరుగు మొదలెట్టగానే వేలి కింద కలుక్కుమంటోంది. ఎక్స్‌రే రిపోర్టులో ‘ఫ్రాక్చర్ లేదు, మీడియల్ సెసమాయిడ్ బైపార్టైట్’ అని ఉంది, అంటే వేలి కింద ఉండే చిన్న ఎముకల్లో లోపలివైపుది రెండు ముక్కలుగా ఉందని. బెణుకే అన్నారు. ఎమ్మారై అవసరమా, అయితే 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) మెషీన్ ఉన్నచోటే తీయించాలా అని మీ సందేహం.

ఎమ్మారై తీయించండి. కానీ దానికంటే ముందు రెండు కాళ్లకీ నిలబెట్టి ఎక్స్‌రే తీయించండి. మెషీన్ ఎన్ని టెస్లాలన్నది ఆ తర్వాత సంగతి. ఈ దెబ్బ స్కానుల్లో దొరక్కుండా పోయేది మెషీన్ తక్కువదై కాదు, చాలాసార్లు చీటీ మీద ‘ఎక్స్‌రే ఫుట్’ అనో ‘ఎమ్మారై ఫుట్’ అనో రెండు ముక్కలు రాసి పంపడం వల్ల. టెక్నీషియన్ పాదం మొత్తానికీ తీస్తాడు, రేడియాలజిస్టు పాదం మొత్తానికీ రిపోర్టు రాస్తాడు, అసలు చూడాల్సిన రెండు సెంటీమీటర్ల మేర బొమ్మలో ఓ మూల సరిగ్గా ఆనకుండా ఉండిపోతుంది.

ఆ రెండు సెంటీమీటర్లలో ఏముందో ముందు చెప్తాను. పాదంలోని పొడవాటి ఎముక, అంటే మెటాటార్సల్, దాని గుండ్రటి తల బొటనవేలి మొదటి ఎముకతో కలిసేచోట ఉన్న కీలునే రిపోర్టుల్లో మొదటి ఎంటీపీ జాయింట్ అంటారు. ఇక్కడ ఎముకల మధ్య గుంట బాగా లోతు తక్కువ, కాబట్టి ఎముకలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడవు. కుండని ఉట్టి మోసినట్టు ఆ తలని కిందనుంచి మోసేది మెత్తటి కణజాలమే. అడుగున ప్లాంటార్ ప్లేట్ అనే గట్టి పీచు పలక ఉంటుంది. దానిలో ఇమిడి సెంటీమీటరు అటూఇటూ పొడవుండే రెండు సెసమాయిడ్ ఎముకలు ఉంటాయి: లోపలివైపుది మీడియల్, బయటివైపుది లాటరల్. వెనకనుంచి ఫ్లెక్సర్ హాలూసిస్ బ్రెవిస్ కండరం రెండు పాయలై వచ్చి ఈ రెండు ఎముకల్నీ పట్టుకుంటుంది. ఒక్కో సెసమాయిడ్ ముందు కొసనుంచి వేలి ఎముక మొదలుకి ఒక్కో పొట్టి లిగమెంట్ వెళ్తుంది. వేలు పైకి మడతపడే దెబ్బల్లో ఎక్కువగా తెగేది ఈ పొట్టి లిగమెంట్లే. రెండు సెసమాయిడ్లనీ కలుపుతూ మధ్యలో ఇంకో లిగమెంట్, కీలుకి ఇరుపక్కలా కొలాటరల్ లిగమెంట్లు ఉంటాయి. సెసమాయిడ్ల నడుమ సందులోంచి వేలిని కిందికి వంచే పొడవాటి టెండన్, అంటే ఎఫ్‌హెచ్‌ఎల్, పోతుంది.

మామూలుగా అడుగు వేసినప్పుడే ఒంటి బరువులో 40 నుంచి 60 శాతం ఈ కీలు మీదుగా పోతుంది. పరుగెత్తుకొచ్చి ఎగిరినప్పుడు ఒంటి బరువుకి ఎనిమిది రెట్ల వరకూ పోతుందని లెక్క. మడమ లేచి, మునివేళ్లు నేలకి అంటుకుపోయి ఉన్నప్పుడు వెనకనుంచి భారం పడితే వేలు పైకి విరుచుకుంటుంది, అడుగున ఉన్నది తెగుతుంది. 1976లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఈ దెబ్బల్ని గమనించి బవర్స్, మార్టిన్ అనే ఇద్దరు ‘టర్ఫ్ టో’ అని పేరు పెట్టారు. కృత్రిమ పచ్చిక బూటుని గట్టిగా పట్టుకోవడం, ముందుభాగం తేలిగ్గా మడతపడే పల్చటి సోల్ బూట్లు, ఈ రెండూ కలిసినచోట ఇది ఎక్కువ. బెంగళూరులో శని ఆదివారాలు అద్దె టర్ఫుల మీద ఆడే మనవాళ్ల బూట్లు ఒకసారి చేత్తో మడిచి చూడండి, చాలావాటికి ముందుభాగం రెండు వేళ్లతోనే వంగుతుంది.

చెన్నైలో బెసెంట్ నగర్ బీచ్‌లో వట్టికాళ్లతో వాలీబాల్ ఆడేవాళ్లకి దీనికి సరిగ్గా తిరగబడ్డ దెబ్బ తగులుతుంది. ఇసకలో వేలు కిందికి మడతపడి కీలు పైభాగం చినుగుతుంది, దాన్ని శాండ్ టో అంటారు. రెంటికీ నొప్పి అదే కీలు దగ్గర, వాపూ అక్కడే. కానీ స్కానులో చూడాల్సినవైపు వేరు. అందుకే వేలు పైకి మడిచిందా కిందికి మడిచిందా అన్నది చీటీ మీద తప్పకుండా ఉండాలి.

స్కాన్ కంటే ముందు డాక్టరు చేత్తో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి జరిగాయో లేదో మీరే గుర్తుచేసుకోండి. నొప్పి సరిగ్గా ఎక్కడుంది? సెసమాయిడ్ మీదా, దాని ముందా, వెనకా, లేక కీలు పైనా? వేలితో ఒక్కో చోటా నొక్కి చూడాలి. ఒక చేత్తో మెటాటార్సల్ మెడ పట్టుకుని రెండో చేత్తో వేలి మొదటి ఎముకని నిటారుగా పైకి ఎత్తి, ఎంత కదులుతుందో రెండో కాలితో పోల్చాలి. దీన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు, మోకాలికి చేసేదాని తరహాలోనే. వేలిని లోపలికీ బయటికీ నెట్టి పక్క లిగమెంట్లు చూడాలి. ఎదురు ఒత్తిడి పెట్టి వేలిని కిందికి వంచమనాలి. కొత్త దెబ్బకి నొప్పి వల్ల వేలు బిగబట్టేస్తారు కాబట్టి మొదటి రోజు పరీక్షలో వదులు తెలియకపోవచ్చు. నాలుగైదు రోజులాగి మళ్లీ చూడటం మంచిది. మూడు వారాలైంది కాబట్టి మీ తమ్ముడికి ఇప్పుడీ పరీక్ష బాగానే కుదురుతుంది.

ఇక ఎక్స్‌రే. ప్రశ్నతోపాటు మీరు పెట్టిన ఎక్స్‌రే ఫోటోలో ఒక్క కాలే ఉంది, అదీ బల్ల మీద పడుకోబెట్టి తీసింది. ఈ దెబ్బకి దాంతో ఎముక విరగలేదని చెప్పొచ్చు, అంతకుమించి ఏమీ చెప్పలేం. లిగమెంట్ ఎక్స్‌రేలో కనపడదు. అది తెగిందని చెప్పేది సెసమాయిడ్ జరిగిన తీరు. ముందున్న కట్టు తెగితే వెనకనున్న కండరం సెసమాయిడ్‌ని మడమవైపు లాక్కుంటుంది. పడుకున్నప్పుడు ఆ లాగుడు తక్కువ కాబట్టి ఎముక ఉన్నచోటే ఉన్నట్టు కనిపించొచ్చు.

కాబట్టి చీటీ మీద ఇలా రాయించండి: ‘రెండు పాదాలూ, వెయిట్ బేరింగ్, ఏపీ, లాటరల్, రెండువైపులా సెసమాయిడ్ యాక్సియల్ వ్యూ, మొదటి ఎంటీపీ కీలు మీద సెంటర్ చేయాలి. బొటనవేలు బలంగా పైకి మడతపడింది, 3 వారాలు, టర్ఫ్ టో అనుమానం.’ వెయిట్ బేరింగ్ అంటే నిలబెట్టి, ఏపీ అంటే పైనుంచి, లాటరల్ అంటే పక్కనుంచి, సెసమాయిడ్ యాక్సియల్ అంటే వేళ్లవైపు నుంచి సెసమాయిడ్లు కనపడేలా తీసేది. నిలబెట్టినప్పుడు నొప్పికి భయపడి చాలామంది బరువంతా పాదం బయటి అంచు మీదకి తోసేస్తారు. అప్పుడది నిలబెట్టి తీసినదన్న పేరే గాని బొటనవేలి మీద బరువు పడదు. రెండు కాళ్ల మీదా సమంగా నిలబడమని టెక్నీషియన్ చెప్పాలి, లోపలి అంచు నేలకి ఆనిందో లేదో చూడాలి. యాక్సియల్ వ్యూకి వేలిని పైకి వంచి పట్టుకోవాలి. ఎంతవరకు ఓర్చుకోగలిగితే అంతవరకే, బలవంతం వద్దు.

ఆ తర్వాత కొలత. ఏపీ బొమ్మలో ఒక్కో సెసమాయిడ్ ముందు కొసనుంచి కీలు గీత వరకు దూరం కొలుస్తారు. మీడియల్‌కి 10.4 మిల్లీమీటర్లు, లాటరల్‌కి 13.3 మిల్లీమీటర్లు దాటితే ప్లేట్ పూర్తిగా తెగినట్టే లెక్కలోకి తీసుకుంటారు. ఈ అంకెల కంటే నమ్మదగింది రెండు కాళ్ల తేడా. రెండో కాలితో పోలిస్తే 3 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ తేడా ఉంటే గట్టిగా అనుమానించాలి. మనిషి మనిషికీ ఎముక సైజు మారుతుంది, ఎక్స్‌రే ట్యూబు ఎంత దూరంలో ఉందన్నదాన్నిబట్టి బొమ్మ పెద్దదవుతుంది. ఒకే రోజు, ఒకే మెషీన్ మీద తీసిన రెండు కాళ్లకి మాత్రం ఆ పెరుగుదల సమానంగా ఉంటుంది కాబట్టి తేడా నిలుస్తుంది.

ఇక్కడ మనదగ్గర తరచూ జరిగే పొరపాటొకటి ఉంది. సెంటర్లు ఒకే ఫిల్ము మీద రెండు మూడు బొమ్మలు సర్దడానికి సైజు తగ్గించి ప్రింట్ చేస్తాయి. ఆ ఫిల్మును లైటుబాక్సు మీద పెట్టి స్కేలుతో కొలిస్తే 14 మిల్లీమీటర్లు కాస్తా 9 అవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో సంగతి చెప్పక్కర్లేదు. సీడీ గానీ డైకామ్ (స్కాను అసలు డిజిటల్ బొమ్మల) ఫైళ్ల లింకు గానీ అడిగి తీసుకోండి. కొలతలు కంప్యూటర్లో, అసలు బొమ్మ మీదే జరగాలి.

ఇప్పుడు ఆ ‘బైపార్టైట్’ సంగతి. మీ తమ్ముడి విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఇదే. ఎదిగే వయసులో సెసమాయిడ్ ఒకటిగా కలవకుండా రెండు ముక్కలుగా ఉండిపోవడం చాలామందికి ఉంటుంది, మీడియల్‌లోనే ఎక్కువ. అది జబ్బు కాదు. అంచులు నున్నగా, చుట్టూ తెల్లటి గీతతో ఉంటాయి. రెండు ముక్కలూ కలిపి చూస్తే మామూలు సెసమాయిడ్ కంటే పెద్దగా ఉంటుంది. విరిగినదైతే అంచులు గరుకుగా, ఆ తెల్లటి గీత లేకుండా ఉంటాయి, ముక్కలు దగ్గరికి చేరిస్తే ఒక మామూలు ఎముక సైజుకి సరిపోతాయి. రెండో కాల్లోనూ బైపార్టైట్ ఉంటే ధైర్యమే. లేకపోతే మాత్రం ఇది విరిగినదేనని తీర్మానించకూడదు, ఒక్క కాలికే ఉండేవాళ్లు బోలెడుమంది.

చిక్కేమిటంటే, బైపార్టైట్ అని రాయగానే ‘అది పుట్టుకతో ఉన్నదే’ అని అందరూ పేజీ తిప్పేస్తారు. ఆ రెండు ముక్కల్నీ కలిపి ఉంచేది మృదులాస్థి, పీచు. వేలు పైకి మడతపడ్డ దెబ్బకి లిగమెంటు బదులు ఈ అతుకే ఊడిపోవచ్చు. అప్పుడు ముందు ముక్క వేలితోపాటు తన చోటే ఉంటుంది, వెనక ముక్క మడమవైపు జరుగుతుంది. అంటే ఇందాక చెప్పిన కొలత ముందు ముక్క కొసనుంచి తీస్తే నార్మలే వస్తుంది! ఇలాంటి కాల్లో కొలవాల్సింది ముక్కల మధ్య సందు. పాత ఎక్స్‌రే ఏదైనా ఉంటే వెతకండి, ఎప్పుడో చీలమండ బెణికినప్పుడు తీయించిందైనా పనికొస్తుంది. అప్పటికంటే ఇప్పుడు సందు పెరిగిందంటే, లేదా నిలబెట్టినప్పుడు పడుకున్నప్పటికంటే పెరిగిందంటే, ఇది బెణుకు కాదు.

నిలబెట్టి తీసినా తేలకపోతే కదిపి చూసే ఎక్స్‌రే ఉంది. సీ-ఆర్మ్, అంటే కదలికని అప్పటికప్పుడు చూపించే ఎక్స్‌రే మెషీన్, కింద పాదాన్ని పక్కనుంచి చూస్తూ వేలిని పైకి వంచుతారు. మామూలుగా వేలు పైకి లేస్తే సెసమాయిడ్లు కూడా వేలితోపాటు ముందుకి జరగాలి. వేలు లేచినా అవి వెనకే ఉండిపోతే కట్టు తెగిందన్నమాట. నొప్పికి బిగబడితే ఈ పరీక్ష పనికిరాదు కాబట్టి కొందరికి వేలికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు. రెండో కాలికి కూడా చేయాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

అల్ట్రాసౌండ్ గురించి ఎక్కువ చెప్పను. చేతిలో నేర్పున్నవాళ్లు 15 మెగాహెర్ట్‌జ్ పైబడిన చిన్న ప్రోబుతో, జెల్ దట్టంగా వేసి, వేలు వంచుతూ చూస్తే తెగిన లిగమెంటు సందు కనపడుతుంది, ఎఫ్‌హెచ్‌ఎల్ టెండన్ కదలిక కూడా బాగా తెలుస్తుంది. కానీ అరికాలి చర్మం మందం, ప్రోబు కాస్త వాలితే మంచి లిగమెంటు కూడా నల్లగా తెగినట్టు కనిపిస్తుంది, ఎముక లోపలి దెబ్బ అసలు కనపడదు. ఈ కీలు రోజూ చూసే రేడియాలజిస్టు దొరికితే సరే, లేకపోతే ఆ డబ్బు ఎమ్మారైకి ఉంచుకోండి.

ఎమ్మారైలో చూసుకోవాల్సినవి నాలుగు: కాయిల్ (కాలి చుట్టూ పెట్టి సిగ్నల్ అందుకునే పరికరం), ఎఫ్‌ఓవీ, ముక్కల మందం (ఒక్కో బొమ్మ ఎంత మందం పొరని చూపిస్తుందన్నది), ముక్కలు కోసే దిశ. మామూలు ‘ఎమ్మారై ఫుట్’లో బొమ్మ వెడల్పు, అంటే ఎఫ్‌ఓవీ, 18 నుంచి 20 సెంటీమీటర్లు పెడతారు. ఆ వెడల్పుని 320 చుక్కలుగా విడగొడితే, అంటే 320 మ్యాట్రిక్స్ అనుకుంటే, 20 సెంటీమీటర్లకి ఒక్కో చుక్క 0.6 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. ఎఫ్‌ఓవీని 10 సెంటీమీటర్లకి దించితే 0.3కి వస్తుంది. రెండు మిల్లీమీటర్ల లిగమెంటులో సగం తెగిందా పూర్తిగా తెగిందా చెప్పాలంటే ఆ తేడాయే ముఖ్యం. ముక్కల మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు ఉండాలి. 4 మిల్లీమీటర్లు పెడితే ఒక్కో సెసమాయిడ్ లిగమెంటు ఒకటి రెండు ముక్కల్లోనే వచ్చి, పక్కనున్న కొవ్వుతో కలిసిపోయి బూడిదరంగు మచ్చలా మిగులుతుంది.

చిన్న కాయిల్ కావాలి. పాదం చీలమండ కాయిల్‌లో వేళ్లు ఒక చివరన పడి సిగ్నల్ తగ్గిపోతే, మణికట్టు కాయిల్ గానీ చిన్న ఫ్లెక్స్ కాయిల్ గానీ వాడమని అడగొచ్చు. మంచి కాయిల్‌తో, చిన్న ఎఫ్‌ఓవీతో తీసిన 1.5 టెస్లా స్కాను, పెద్ద కాయిల్‌లో పాదం మొత్తానికి తీసిన 3 టెస్లా స్కాను కంటే ఎంతో మెరుగు. రెండూ సరిగ్గా చేస్తే 3 టెస్లాయే బాగుంటుంది, అందులో అనుమానం లేదు.

దిశ సంగతి టెక్నీషియన్లకి చెప్పకపోతే పొరపాటు పడతారు. పాదానికి అడ్డంగా నిలువుగా కాదు, బొటనవేలి కీలుకి అడ్డంగా నిలువుగా కోయాలి. బొటనవేలు మిగతా పాదంతో పోలిస్తే కాస్త తిరిగి ఉంటుంది. ముందు అడ్డకోత బొమ్మలో రెండు సెసమాయిడ్లూ కనపడేచోట ఆగి, వాటిని కలుపుతూ ఒక గీత ఊహించుకోవాలి. సాజిటల్ ముక్కలు, అంటే పక్కనుంచి చూసినట్టు నిలువుగా కోసేవి, ఆ గీతకి లంబంగా, మెటాటార్సల్ పొడవు వెంబడి వెళ్లాలి. అలా చేస్తే ఒక ముక్కలో సెసమాయిడ్, దాని లిగమెంటు, వేలి ఎముక మూడూ వరసగా పడతాయి. లేకపోతే లిగమెంటు ఏటవాలుగా తెగి, ఉన్నది లేనట్టూ లేనిది ఉన్నట్టూ కనిపిస్తుంది.

సీక్వెన్సుల్లో, అంటే ఎమ్మారై బొమ్మల రకాల్లో, కొవ్వు తెలుపు అణిచి నీటిని తెల్లగా చూపించే పీడీ గానీ టీ2 గానీ మూడు దిశల్లోనూ, ఎముక ఆకారానికి కనీసం ఒక దిశలో టీ1 చాలు. వేళ్ల చుట్టూ గాలి, వంపులు ఉండటంతో కొవ్వు అణచడం సమంగా జరగదు. వేలి కొసన ఎముకంతా తెల్లగా మెరిసిపోతే అది నీరు కాకపోవచ్చు, సాంకేతిక లోపం కావచ్చు. అలాంటప్పుడు కొవ్వుని వేరే పద్ధతిలో అణిచే స్టిర్ గానీ డిక్సన్ గానీ తీయాలి. వేళ్ల చుట్టూ పొడి బియ్యం నింపిన సంచులు సర్ది ఈ ఇబ్బంది తగ్గించే పద్ధతి కూడా ఉంది, వింతగా అనిపించినా పనిచేస్తుంది. రంగు ఇంజెక్షన్, అంటే కాంట్రాస్ట్, ఈ దెబ్బకి అక్కర్లేదు. కొత్త దెబ్బలో కీలులో చేరిన నీరే ఆ పని చేసిపెడుతుంది. కాలు కదలకుండా స్పాంజీలతో బిగించాలి. చిన్న ఎఫ్‌ఓవీలో ఒక మిల్లీమీటరు కదలిక కూడా బొమ్మని పాడుచేస్తుంది.

బొమ్మలు చదివేటప్పుడు రేడియాలజిస్టు ఎక్కడ పొరపడే వీలుందో మీకూ తెలిసుంటే రిపోర్టు మీద సరైన ప్రశ్నలు అడగొచ్చు. రెండు సెసమాయిడ్ల నడుమ, సరిగ్గా మధ్యగీతలో వచ్చిన ముక్కలో ప్లేటు పల్చగా ఉంటుంది, దాని కిందే ఎఫ్‌హెచ్‌ఎల్ టెండన్ పోతుంది. ఆ ముక్క చూసి ప్లేటు తెగిందనకూడదు. తీర్పు చెప్పాల్సింది మీడియల్, లాటరల్ సెసమాయిడ్ల గుండా పోయిన ముక్కలు చూసి. లిగమెంటు వేలి ఎముకకి అతుక్కునేచోట మృదులాస్థి అంచున సన్నటి నున్నటి నీటి గీత సహజంగానే ఉండొచ్చు. చిరిగినదైతే అంచులు చెదిరి ఉంటాయి, చుట్టుపక్కల వాపు ఉంటుంది. ఇంకొకటి మ్యాజిక్ యాంగిల్. పీచులు అయస్కాంత దిశకి 55 డిగ్రీల దగ్గర వాలి ఉంటే, టీఈ (సిగ్నల్ అందుకునేదాకా మెషీన్ ఆగే సమయం) తక్కువున్న పీడీ బొమ్మలో మంచి టెండను కూడా తెల్లబడుతుంది. వంపు తిరిగే ఎఫ్‌హెచ్‌ఎల్‌కీ పక్క లిగమెంట్లకీ ఇది మామూలే. టీఈ ఎక్కువున్న టీ2లో కూడా తెల్లగానే ఉంటేనే దెబ్బ అనాలి.

పూర్తిగా తెగితే నల్లటి పట్టీ మధ్యలో నీటి తెలుపుతో సందు కనపడుతుంది, సెసమాయిడ్ వెనక్కి జరుగుతుంది. సగం తెగితే పట్టీ లావై, బూడిదరంగై, కొన్ని పీచులు మాత్రం ఆ కొసనుంచి ఈ కొసకి నిలిచి ఉంటాయి. మూడు వారాల తర్వాత తీస్తున్నారు కాబట్టి మీ తమ్ముడి విషయంలో ఒక జాగ్రత్త: ఈపాటికి సందులో మచ్చకణజాలం చేరడం మొదలవుతుంది, నీటి తెలుపు తగ్గుతుంది. తెల్లటి సందు లేదని ‘తెగలేదు’ అనడానికి వీల్లేదు. పట్టీ మందం, సెసమాయిడ్ ఉన్నచోటు కూడా చూడాలి. ఇంకా ఆలస్యం చేస్తే ఇది మరింత కష్టమవుతుంది, ఎమ్మారై ఇప్పుడే తీయించమంటున్నది అందుకే.

లిగమెంటు దొరికాక కూడా చూడాల్సినవి ఉన్నాయి. వేలు పైకి విరుచుకున్నప్పుడు వేలి ఎముక వెళ్లి మెటాటార్సల్ తల పైభాగాన్ని గుద్దుకుంటుంది. అక్కడ ఎముక లోపల కమిలితే తెల్లగా కనపడుతుంది, మృదులాస్థి ముక్క లేచిపోయి ఉండొచ్చు. అది వదిలేస్తే లిగమెంటు మానినా తర్వాత్తర్వాత కీలు బిగుసుకుపోతుంది. మీడియల్ వైపు కట్టు మాత్రమే తెగితే వేలు క్రమంగా రెండో వేలివైపు వాలుతుంది, ఆటగాళ్లలో దెబ్బవల్ల వచ్చే హాలక్స్ వాల్గస్ ఇదే. బైపార్టైట్ ముక్కల మధ్య నీటి తెలుపు, రెండు ముక్కల్లోనూ కమిలిన గుర్తు ఉంటే అతుకు ఊడిందన్న అనుమానం బలపడుతుంది. కాకపోతే కూచిపూడి, భరతనాట్యం చేసేవాళ్లకీ దూరపు పరుగులవాళ్లకీ ఏ ఒక్క దెబ్బా తగలకుండానే రోజువారీ ఒత్తిడికి సెసమాయిడ్‌లో అలాంటి తెలుపు వస్తుంది. అందుకే దెబ్బ తగిలిన తీరు, తారీఖు రేడియాలజిస్టుకి తెలియాలి.

సీటీ ఎప్పుడంటే, సెసమాయిడ్ విరిగిందా బైపార్టైటా అన్నది అప్పటికీ తేలకపోతే. అర మిల్లీమీటరు ముక్కలతో తీస్తే అంచులు స్పష్టంగా తెలుస్తాయి. లిగమెంటు కోసం సీటీ తీయించకండి.

రిపోర్టు చేతికొచ్చాక అందులో ఇవి ఉన్నాయో లేదో చూడండి: మీడియల్, లాటరల్ లిగమెంట్లు విడివిడిగా ఎలా ఉన్నాయి, తెగితే పూర్తిగానా కొంతా, సెసమాయిడ్ ఎన్ని మిల్లీమీటర్లు జరిగింది, బైపార్టైట్ ముక్కల మధ్య ఏముంది, ఎఫ్‌హెచ్‌ఎల్, పక్క లిగమెంట్లు, మెటాటార్సల్ తల మీద మృదులాస్థి ఎలా ఉన్నాయి. ‘సాఫ్ట్ టిష్యూ ఎడిమా అరౌండ్ ఫస్ట్ ఎంటీపీ’ (కీలు చుట్టూ మెత్తటి కణజాలంలో వాపు) అని ఒక్క వాక్యంతో ముగిస్తే, ఆ సెంటరుకే వెళ్లి ఈ ప్రశ్నలు పెట్టి అనుబంధ రిపోర్టు అడగండి. మళ్లీ స్కాను అక్కర్లేదు, బొమ్మలు సరిగ్గా తీసుంటే చాలు. మర్యాదగా అడిగితే రాసిస్తారు.

ఫలితాన్నిబట్టి దారి వేరవుతుంది. సాగడం మాత్రమే అయితే మొదటి గ్రేడు, టేపు వేసుకుని కొద్దిరోజుల్లో ఆటకి వెళ్లొచ్చు. కొంత తెగితే రెండో గ్రేడు, రెండు వారాల నుంచి ఆరు వారాల దాకా పట్టొచ్చు. పూర్తిగా తెగితే మూడోది, బూటు, టేపింగు, ఫిజియోతో రెండున్నర నెలల వరకు పోతుంది, కొందరికి ఆపరేషన్ తప్పదు. సెసమాయిడ్ వెనక్కి జరగడం, బైపార్టైట్ ముక్కలు విడిపోవడం, లాక్‌మన్ పరీక్షలో వేలు పైకి జారిపోవడం, వేలు పక్కకి వాలడం, కీలులో మృదులాస్థి ముక్క తేలుతుండటం, వీటిలో ఏది ఉన్నా పాదం సర్జన్‌ని కలవాల్సిందే. ఆపరేషన్ అయితే ఆటకి నాలుగు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు పాట్రిక్ మహోమ్స్‌కి 2021 జనవరిలో ఇదే దెబ్బ తగిలింది. ఆ నొప్పితోనే సూపర్ బౌల్ ఆడి, మూడు రోజులకి ఫిబ్రవరి 10న ఆపరేషన్ చేయించుకుని, సెప్టెంబరులో సీజన్ మొదలయ్యేసరికి మైదానంలో ఉన్నాడు. ఆయన వెనక ఒక వైద్యబృందమే ఉంది, మనవాళ్లు ఆ ధైర్యం చేయనక్కర్లేదు.

స్కాను అయ్యేదాకా: పరుగు, దూకడం, మునివేళ్ల మీద లేవడం ఆపేయాలి. సోల్ వంగని బూట్లు వేసుకోవాలి, దొరికితే లోపల కార్బన్ ఫైబర్ ప్లేటు పెట్టుకోవాలి. వేలు కాస్త కిందికి వంగి ఉండేలా ఫిజియో చేత టేపు వేయించుకోండి. చెప్పులతో తిరగొద్దు, ముఖ్యంగా వేలితో పట్టుకోవాల్సిన హవాయి చెప్పులతో. నొప్పి తెలియకుండా స్టెరాయిడ్ గానీ మత్తు గానీ కీలులోకి పొడిపించుకుని టోర్నమెంటు ఆడతానంటే ఒప్పుకోకండి. సగం తెగినది పూర్తిగా తెగేది అప్పుడే. ఏ దెబ్బా లేకుండా రాత్రికి రాత్రి ఇదే కీలు ఎర్రబడి ముట్టుకోనివ్వకపోతే అది గౌట్, అంటే యూరిక్ ఆసిడ్ వల్ల వచ్చే కీళ్ల జబ్బు, కావచ్చు, వేరే దారి. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు యూరిక్ ఆసిడ్ నార్మల్ వచ్చినా గౌట్ కాదని చెప్పలేం.

ఆటకి ఎప్పుడు వెళ్లొచ్చన్నది ఎమ్మారై మళ్లీ తీసి తేల్చేది కాదు. మానిన లిగమెంటు నెలల తరబడి బూడిదరంగుగానే కనిపిస్తుంది, అది చూసి బెంగపడటమే మిగులుతుంది. నొప్పి లేకుండా వేలు 50-60 డిగ్రీలు పైకి వంగాలి, ఒంటికాలి మీద మునివేళ్లపై లేవగలగాలి, లాక్‌మన్ పరీక్ష రెండో కాలితో సమానంగా ఉండాలి. ఆపరేషన్ లేకుండా మాన్పుతున్నట్టయితే, బరువు పూర్తిగా వేయడం మొదలెట్టాక నిలబెట్టిన ఎక్స్‌రే ఇంకోసారి తీయించండి, మళ్లీ రెండు కాళ్లకీ. సెసమాయిడ్ దూరం గానీ బైపార్టైట్ సందు గానీ మొదటిసారి కంటే పెరిగి ఉంటే, నొప్పి తగ్గినా సరే, ఆ రెండు సీడీలూ తీసుకుని సర్జన్ దగ్గరికి వెళ్లండి.